ఉప్పు ఎప్పుడు వేస్తారు?

(బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉగాది తర్వాతి ఆదివారం తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు అక్కడే ఉండే ఒక గృహిణి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసదాకా వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడటం నాకు అలవాటే. ఇద్దరు మగపిల్లల్ని పెంచిన గొంతు ఇది. (నవ్వులు)

వంట గురించి ఏదైనా చెప్పమని మన కమిటీ అమ్మాయి అడిగినప్పుడు మొదట ఒప్పుకోలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో నాకంటే చేయి తిరిగినవాళ్ళు పదిమందికి తక్కువ ఉండరు. "పోనీ, వండక్కర్లేనిది చెప్పండి ఆంటీ" అంది ఆ పిల్ల. ఆ మాట నచ్చింది. అందుకే కీరదోసకాయ ఎత్తుకున్నాను. పైగా వచ్చే వారం శ్రీరామనవమి. ఈ ఊళ్ళో ఆ రోజు నానిన పెసరపప్పు, కీరా కలిపి చేసే కోసంబరి తినకుండా ఏ వీధీ దాటలేం.

మాది హిందూపురం. అక్కడ సగం తెలుగు, సగం కన్నడం. పెళ్ళయి ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. అప్పట్లో మా ఇంట్లో ఫ్యాను కూడా లేదంటే మా పిల్లలు నమ్మరు. అవసరం ఉండేది కాదు. అలాంటి ఊళ్ళో 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీల ఎండ కాసింది. 2024 వేసవి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఎండకు తోడు బోర్లు ఎండిపోయి, ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. కంచాలు కడగడానికి నీళ్ళు లేక పేపరు ప్లేట్లలో తిన్నాం. ఆ రెండు నెలలూ మా ఇంట్లో రాత్రి భోజనం అంటే ఒక కత్తి, ఒక పలక, ఒక గిన్నె. కడగాల్సినవి మూడే. కీరదోసకాయ మీద నాకు నిజమైన గౌరవం కలిగింది అప్పుడే. అంతకుముందు అది బిర్యానీ పక్కన చక్రాలుగా పెట్టే అలంకారమే అనుకునేదాన్ని.

అయితే నేను దాంతో పరువు పోగొట్టుకున్న కథ ముందు చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట, వేరే అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు, ఇంటికో వంటకం తెచ్చి అందరం కలిసి తినే కార్యక్రమం పెట్టారు. నా వంతు సలాడ్. పొద్దున పదింటికే కీరా, టమాటా, ఉల్లిపాయ తరిగి, ఉప్పు, నిమ్మరసం, చాట్ మసాలా అన్నీ వేసి, చక్కగా కలిపి, మూతపెట్టి, ముందే పనయిపోయిందని హాయిగా కూర్చున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరి ముందూ మూత తీస్తే ముక్కలు ఈతలు కొడుతున్నాయి. ఒక చిన్నపిల్లాడు గిన్నెలోకి తొంగి చూసి "ఆంటీ, ఇది రసమా?" అన్నాడు. వాడి తండ్రి ఊరుకోవచ్చు కదా, "అన్నంలో కలుపుకుంటే బాగానే ఉంటుందిలే" అన్నాడు. (నవ్వులు) ఆ రోజు ఆ గిన్నె దాదాపు నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది.

నేను వేసినవాటిలో తప్పు ఏమీ లేదు. ఉప్పు వేసిన వేళ తప్పు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

కీరదోసకాయలో నూటికి 95 పాళ్ళు నీళ్ళే. మిగిలిన ఐదు పాళ్ళ మీద మనం ఇంత ఆశ పెట్టుకుంటున్నాం. వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మకండి. కీరా ముక్కలు నానేసిన నీళ్ళు తాగితే ఒంట్లో విషాలన్నీ పోతాయని మొన్న ఎవరో పంపారు. ఆ పని చేయడానికి మూత్రపిండాలూ కాలేయమూ జీతం లేకుండా పనిచేస్తున్నాయి, వాటిని చేసుకోనివ్వండి. కీరా 100 గ్రాములు తింటే 15 క్యాలరీలు వస్తాయి, అంతే. కడుపు నిండుతుంది, దాహం తీరుతుంది, నోటికి కరకరలాడుతుంది. వేసవిలో నాకు అది చాలు. ఇంకా పెద్ద పొగడ్తలు దానికి అక్కర్లేదు.

ఇప్పుడు ఉప్పు సంగతి. ముక్క మీద ఉప్పు పడగానే లోపలి నీరు బయటికి రావడం మొదలవుతుంది. బయట ఉప్పదనం ఎక్కువ, లోపల తక్కువ. ఆ తేడా తగ్గేదాకా నీరు ఊరుతూనే ఉంటుంది. మాగాయ పెట్టినవాళ్ళకు ఇది నేను చెప్పాలా? మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తాం. మూడో రోజుకి ఊట వస్తుంది. ముక్కలు పిండి ఎండలో పెడతాం, ఊట పారబోయకుండా దాస్తాం. కీరదోసకాయ దగ్గర మూడు రోజులు పట్టదు, అరగంట చాలు. మాగాయ పెట్టడం తెలిసిన నాలాంటిది సలాడ్ దగ్గర పప్పులో కాలేసిందంటే ఏమనాలి? సలాడ్ అనేది ఇంగ్లిష్ మాట కదా, దానికి మన తెలివి పనికిరాదేమో అనుకున్నాను కాబోలు.

లాల్‌బాగ్ గేటు దగ్గర బండి మీద కీరాలు అమ్ముతారు, చూసే ఉంటారు. చెక్కు తీసి, నిలువునా నాలుగు చీలికలు చేసి, అడుగు విడిపోకుండా ఉంచి, పువ్వులా విప్పి ఉప్పూకారం రాసి ఇస్తారు. ఆ బండి ఆయన ముందే ఉప్పు రాసి వరసగా పేర్చి పెట్టుకోడు. మనం చెయ్యి చాపాకే రాస్తాడు. మనం నాలుగడుగులు వేసేలోపే తినేస్తాం. ఆఖరి ముక్క దాకా కరకరే. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు, నాకంటే ముందే తెలుసుకున్నాడు.

కాబట్టి ఏం చేయబోతున్నా ముందు ఒక నిర్ణయం తీసుకోండి. నీరు ఊరేలోపు తినేస్తారా, లేక ముందే ఊరనిచ్చి పిండేస్తారా? రెండూ మంచి పద్ధతులే. మధ్యలో ఆగితేనే నాలాగా రసం అవుతుంది.

కొనడం గురించి రెండు మాటలు. మా తోడికోడలిది గుంటూరు వైపు. కొత్తగా వచ్చినప్పుడు గాంధీబజారుకు వెళ్ళి, నేర్చుకున్న నాలుగు కన్నడ ముక్కలూ కలిపి "దోసకాయ కొడి" అని అడిగింది. కొట్టు ఆయన ఎదురుగా ఉన్న హోటలు చూపించాడట, దోసె అక్కడ దొరుకుతుందమ్మా అని. (నవ్వులు) ఇక్కడ సౌతేకాయి అనాలి. అన్నా ఇంకో చిక్కు ఉంది. గుంటూరు ఆవిడ మనసులో ఉన్నది పప్పులో వేసే పసుప్పచ్చ గుండ్రటి దోసకాయ. అది అసలు కీరాకు సొంత చెల్లెలు కూడా కాదు, ఖర్బూజా జాతిలోది. ఇక్కడి సాంబారు సౌతే కూడా ఆ జాతే. సలాడ్‌కు మనకు కావలసింది కీరా. అది మాత్రం అచ్చంగా మన దేశపు కాయ. దాని అడవి చుట్టాలు హిమాలయాల దిగువన ఇప్పటికీ పెరుగుతాయి. అవి వట్టి చేదు.

మార్కెట్లో పొట్టిగా, ఒంటి మీద చిన్న చిన్న ముళ్ళతో ఉండే ముళ్ళు సౌతే దొరికితే వదలకండి. రుచి దానిదే. లేత ఆకుపచ్చగా, నున్నగా ఉండేది రోజువారీ రకం. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ తొడుగు వేసి పొడుగ్గా అమ్మేది పాలీహౌస్ కాయ, అంటే ప్లాస్టిక్ పందిరి కింద పండించింది. దానికి పరాగసంపర్కం అక్కర్లేదు, గింజలు పట్టవు, చేదూ దాదాపు ఉండదు. ధర ఎక్కువ, రుచి తక్కువ అని నా అభిప్రాయం. మీకు నచ్చితే కొనుక్కోండి, నేను అడ్డుపడను. ఏది కొన్నా రెండు చివర్లూ నొక్కి చూడండి. మెత్తగా ఉంటే వదిలేయండి. మధ్యలో లావెక్కి, పసుపు తిరిగిందంటే లోపల గింజ ముదిరినట్టే.

ముదిరిన కాయ అంటే గుర్తొచ్చింది. మృత్యుంజయ మంత్రం అందరికీ వచ్చు కదా? "ఉర్వారుకమివ బంధనాత్" అంటాం. రుగ్వేదం ఏడో మండలంలోది. ఉర్వారుకం అంటే దోసకాయే. పండిన దోసపండు తొడిమ నుంచి తనంతట తానే విడిపోయినట్టు మృత్యువు నుంచి విడిపించమని అడుగుతాం. ఎంత చక్కటి పోలిక! కానీ ముక్తికి పనికొచ్చే ఆ దోసకాయ సలాడ్‌కు పనికిరాదు. మనకు తీగను వదలనని మొండికేసే లేత కాయ కావాలి. (నవ్వులు)

ఇక చేదు. మా అత్తగారు కాయ కొన కోసి, ఆ ముక్కతోనే గుండ్రంగా రుద్ది, తెల్లటి నురుగు వచ్చాక కడిగేవారు. చేదంతా ఆ నురుగులో పోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేనూ రుద్దాను. తర్వాత ఒకసారి ఒకే రకం కాయలు రెండు తీసుకుని, ఒకదాన్ని రుద్ది, ఇంకోదాన్ని ఊరికే కొన కోసి తిని చూశాను. నాకు తేడా తెలియలేదు. దానికి కారణం ఉంది. చేదు ఎక్కువగా తొడిమ వైపు, చెక్కు కింద చేరుతుంది. తీగకు నీళ్ళు చాలకపోయినా, ఎండ దెబ్బ తగిలినా చేదు పెరుగుతుంది. కాబట్టి పనిచేసేది రుద్దడం కాదు, తొడిమ వైపు రెండు వేళ్ళ మందం కోసి పారేయడం. అలవాటుగా రుద్దుకుంటానంటే రుద్దుకోండి, నష్టం లేదు. నేను కూడా చెయ్యి ఊరుకోక ఇప్పటికీ అప్పుడప్పుడు రుద్దుతాను.

కానీ ఒక్కటి గట్టిగా చెప్తాను. ప్రతి కాయా తరిగే ముందు ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. భరించలేనంత చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. ఉప్పేసి, పెరుగేసి కప్పిపుచ్చొద్దు. సొరకాయ, కీరా, దోస అన్నీ ఒక కుటుంబంవే, చేదు పదార్థమూ ఒక కోవదే. చేదు సొరకాయ రసం తాగి కొందరి ప్రాణం మీదికి వచ్చింది. చేదుగా ఉంటే తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, నిపుణుల కమిటీ కూడా హెచ్చరించింది. ఐదు రూపాయల కాయ కోసం ఆస్పత్రి దాకా పోవద్దు.

సరే, కోసంబరికి వద్దాం. మన వడపప్పే ఇది, కాస్త అలంకరించుకుని వచ్చింది. అరకప్పు పెసరపప్పు కడిగి గంటసేపు నానేయండి. గోరుతో నొక్కితే విరగాలి, పిండి కాకూడదు. తర్వాత నీళ్ళు పూర్తిగా వంచేయండి. పూర్తిగా అంటే జల్లెడలో వేసి పది నిమిషాలు వదిలేయండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. రెండు లేత కీరాలు సన్నగా కొచ్చండి. తురమొద్దు. తురిమితే ఉప్పు అక్కర్లేకుండానే నీరు కారుతుంది. గుప్పెడు పచ్చికొబ్బరి తురుము, రెండు పచ్చిమిర్చి, కొత్తిమీర. మామిడికాయ దొరికే రోజులు కాబట్టి రెండు చెంచాల తురుము వేస్తే నిమ్మకాయ కూడా తగ్గించుకోవచ్చు.

తర్వాత తాలింపు. మా వైపు తిరగబాత అంటాం, ఇక్కడ ఒగ్గరణె, తెలంగాణ వాళ్ళు పోపు. పేరు ఏదైనా ఒక చెంచా నూనె, ఆవాలు, ఇంగువ, కరివేపాకు, ఒక ఎండుమిర్చి. స్టవ్ వెలిగించేది ఈ ఒక్క నిమిషమే. తాలింపు చల్లారాక కలపండి, వేడిగా పోస్తే ముక్క వడలిపోతుంది.

ఉప్పు? వేయొద్దు. విస్తళ్ళు వేసి, అందరూ కూర్చున్నాక, వడ్డించే ముందు వేసి ఒక్కసారి కలపండి. కన్నడ పెళ్ళి భోజనాల్లో ఆకు మీద మొదట వడ్డించేవాటిలో కోసంబరి ఒకటి, గమనించారా? వాళ్ళ వంటవాళ్ళు మూడువందల మందికి చేసినా ఉప్పు చివర్లోనే కలుపుతారు. ఒక పెళ్ళిలో వంటశాల గుమ్మం దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నదే ఇది. "ఏం కావాలమ్మా" అని వాళ్ళు రెండుసార్లు అడిగారు. ఏం చెప్పను? "ఉప్పు ఎప్పుడు వేస్తారో చూద్దామని" అన్నాను. వాళ్ళు నవ్వి ఒక దొన్నె నిండా పెట్టి ఇచ్చారు.

పెసరపప్పు నానేస్తే చాలు, కోసంబరికి మొలకలు రానవసరం లేదు. కొందరు ఆరోగ్యం అని మొలకలు కలుపుతున్నారు. కలిపితే ఆవిరి మీద కాస్త ఉడికించి కలపండి. దీని వెనక మన దోసకాయ నీలాపనిందలు పడిన కథ ఒకటి ఉంది. 2011లో జర్మనీలో పెద్ద ఎత్తున విషపూరిత విరేచనాలు వ్యాపించాయి. 50 మందికి పైగా చనిపోయారు. స్పెయిన్ నుంచి వచ్చిన దోసకాయలే కారణమని మొదట ప్రకటించారు. అక్కడి రైతులు పండిన పంట అమ్ముకోలేక పారబోసుకున్నారు. తీరా చూస్తే తప్పు దోసకాయది కాదు, మెంతి మొలకలది. వెచ్చగా, తడిగా ఉండే చోట మొలక ఎంత బాగా పెరుగుతుందో క్రిమి కూడా అంతే బాగా పెరుగుతుంది. అందుకని నానిన పప్పైనా ఆ పూటకు ఆ పూటే. మిగిలిందని రేపటికి దాచకండి.

ఇది ఊరేలోపు తినే పద్ధతి. ఇక పిండే పద్ధతి.

అరకిలో కీరా తురమండి. ఇక్కడ తురమొచ్చు. గింజలు ముదిరి ఉంటే చెంచాతో గీకి తీసేయండి. ఒక చెంచా ఉప్పు కలిపి జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి, ఇరవై నిమిషాలు వేరే పని చూసుకోండి. తర్వాత గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువ నీరు వస్తుంది, మా ఇంట్లో చిన్న గ్లాసుడు వస్తుంది. పారబోయకండి. ఉప్పటి నీరే కదా, మజ్జిగలో కలిపి, అల్లం, కరివేపాకు నలిపి వేసి తాగండి. మజ్జిగలో మళ్ళీ ఉప్పు వేసేరు, జాగ్రత్త.

ఈ పిండిన తురుమును గట్టి పెరుగులో కలపాలి. పెరుగు కూడా పల్చగా ఉంటే అరగంట గుడ్డలో కట్టి వేలాడదీయండి. ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నింటికంటే ఇష్టమైనది, ఆవ పెట్టిన పెరుగు పచ్చడి. అర చెంచా ఆవాలు, చిన్న ముక్క కొబ్బరి, ఒక పచ్చిమిర్చి, కాసిన్ని నీళ్ళు వేసి నూరండి. ఇక్కడివాళ్ళు సాసివె అనేది దీన్నే. తాలింపులో చిటపటలాడిన ఆవగింజకు ఘాటు ఉండదు, పచ్చిగా నూరిన ఆవగింజ ముక్కులోకి ఎక్కుతుంది. ఎందుకంటే ఆవగింజ లోపల రెండు పదార్థాలు వేర్వేరు అరల్లో ఉంటాయి. నూరి నీళ్ళు తగిలిస్తే అవి కలిసి ఘాటు పుడుతుంది. నూనెలో ముందే వేయించేస్తే ఆ కలయిక జరగదు. కాబట్టి నూరాక ఐదు నిమిషాలు ఆగి పెరుగులో కలపండి. మరీ ఎక్కువసేపు నూరితే చేదొస్తుంది. ఆవాలు ఎక్కువైతే ఏమవుతుందో మా ఆయన్ని అడగండి, ముందు వరసలోనే ఉన్నారు. (నవ్వులు) ఉగాది రోజు ఆయన కళ్ళలో నీళ్ళు చూసి మా చుట్టాలు ఏదో గొడవైందనుకున్నారు.

పిండిన తురుముతో చేసింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలున్నా నీరు విడవదు. ఆఫీసు డబ్బాకు, దూరం మోసుకెళ్ళే విందులకు ఇదే వాడండి. గ్రీకులు చేసే జాట్జికి, ఇరాన్ వాళ్ళ మాస్త్-ఓ-ఖియార్ రెండూ ఇదే దారి. కీరా, పెరుగు. ఒకరు వెల్లుల్లి, ఆలివ్ నూనె వేస్తే, ఇంకొకరు పుదీనా, ఎండుద్రాక్ష వేస్తారు. ఎండ ఎక్కువున్న దేశాల వాళ్ళందరికీ ఒకే ఆలోచన వచ్చిందన్నమాట.

అనంతపురం జిల్లాలో పెరిగి వేరుశనక్కాయ మాట ఎత్తకుండా మైకు వదిలితే మా ఊళ్ళోకి రానివ్వరు. మరాఠీ వాళ్ళు ఖమంగ్ కాకడీ అని చేస్తారు. సన్నగా కొచ్చిన కీరా, వేయించి బరకగా దంచిన వేరుశనగపప్పు పొడి, పచ్చిమిర్చి, కొబ్బరి, నిమ్మరసం, చిటికెడు చక్కెర, పైన నెయ్యితో జీలకర్ర తాలింపు. ఆ పొడి ఊరిన నీటిని కొంత పీల్చుకుంటుంది. అందుకని ఇది పావుగంట ఆగగలదు. అంతకుమించి ఆగితే పొడి ముద్దయిపోతుంది. ఉపవాసం రోజుల్లో వాళ్ళు ఎక్కువగా చేసుకుంటారు. నేను రాత్రి రెండు జొన్నరొట్టెల పక్కన చేసుకుంటాను. ఇంకో కూర అక్కర్లేదు.

ఇంకొకటి, మా పెద్దవాడు నేర్పింది. చైనా వాళ్ళు కీరాను కోయరు, దంచుతారు. చెక్కుతోనే పలక మీద పెట్టి, అప్పడాల కర్రతో ఒక్కటిస్తే చీలిపోతుంది. దాన్ని చేత్తో ముక్కలు చేయాలి. కత్తితో కోసిన ముక్క నున్నగా ఉంటుంది, పులుసైనా కారమైనా జారిపోతుంది. దంచిన ముక్కకు గరుకు అంచులుంటాయి, అంటిపట్టుకుంటుంది. దానికి ఉప్పు పట్టించి పది నిమిషాలు ఉంచి నీరు వంచేయాలి. వెల్లుల్లి రెండు రెబ్బలు దంచి, వెనిగర్, కాస్త సోయా, చక్కెర, చివర్లో నువ్వుల నూనె. వాళ్ళ నూనె వేయించిన నువ్వులది, వాసన ఘాటు. మన గానుగ నూనె వేస్తే ఆ వాసన రాదు, అందుకని నేను పైన వేయించిన నువ్వులు ఒక చెంచా చల్లుతాను. వాడు మొదటిసారి దంచినప్పుడు గింజలు గోడకు అంటుకున్నాయి. పైన ఒక గుడ్డ కప్పి కొట్టండి. ఎవరి మీదైనా కోపం ఉన్న రోజు ఇది చేసుకుంటే మంచిది. (నవ్వులు)

ఎవరికైనా అడగాలనుంటే అడగండి. నేను మంచినీళ్ళు తాగుతాను.

శ్రోత: ఆంటీ, ఫ్రిజ్‌లో పెట్టిన కీరా రెండు మూడు రోజులకే జిగటగా, మెత్తగా అయిపోతోంది. ఎందుకు?

మంచి ప్రశ్న అడిగావమ్మా. కీరాకు మరీ చల్లదనం పడదు. 10 డిగ్రీల కంటే తక్కువలో ఎక్కువ రోజులుంటే లోపల దెబ్బతిని నీరు నీరవుతుంది. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించి పెట్టకు. తడి తుడిచి, గుడ్డలో చుట్టి, తలుపు వైపు గానీ కింద సొరుగులో గానీ పెట్టు. అరటిపండ్లు, టమాటాల పక్కన అసలు పెట్టకు. అవి పండేటప్పుడు విడిచే వాయువుకు కీరా త్వరగా పసుపు తిరుగుతుంది. అసలైతే వారానికి సరిపడా కొనడం మానెయ్. రెండు రోజులకు సరిపడా తెచ్చుకో.

శ్రోత: రాత్రిపూట కీరా తినకూడదంటారు, నిజమేనా అక్కా?

కొంతమందికి కడుపు ఉబ్బరం వస్తుంది, వాళ్ళు తినకపోవడమే మేలు. పడుకునే ముందు గిన్నెడు తింటే అర్ధరాత్రి లేవాల్సి వస్తుంది, అంత నీరుంది కదా మరి. నేనైతే ఏడున్నరకే తినేస్తాను, ఏ ఇబ్బందీ లేదు.

శ్రోత: చెక్కు తీయాలా, ఉంచాలా?

లేతదైతే ఉంచండి, కరకర అందులోనే ఉంది. కొళాయి కింద చేత్తో రుద్ది కడగండి. తెచ్చినప్పుడు మెరుస్తూ, చేతికి జిడ్డుగా తగిలితే మైనం పూసి ఉండొచ్చు, చెక్కు తీసేయండి. నాకు నచ్చింది జీబ్రా చారలు. ఒక వరస తీసి, ఒక వరస ఉంచితే పిల్లలు కూడా ఎగబడి తింటారు.

శ్రోత: బర్గర్‌లో పుల్లగా ఉండేది కూడా కీరానేనా? మా వాడికి అదొక్కటే ఇష్టం.

చిన్నప్పుడే కోసిన కీరా అది, గెర్కిన్ అంటారు. ఉప్పు నీళ్ళలోనో వెనిగర్‌లోనో ఊరేస్తారు. తమాషా ఏంటంటే మన కర్ణాటకలోనే 1990ల మొదట్లో ఆ సాగు మొదలై, తర్వాత తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణలకు పాకింది. పండేది ఇక్కడే, దాదాపు అంతా సీసాల్లోకి, పీపాల్లోకి ఎక్కి విదేశాలకు పోతుంది. మనవాళ్ళకు దాని రుచి తెలిసేది మళ్ళీ బర్గర్‌లోనే. ఇంట్లో కావాలంటే ముళ్ళు సౌతే చిన్నవి చక్రాలు కోసి, సమానంగా నీళ్ళూ వెనిగరూ, కాస్త ఉప్పు, చక్కెర, నాలుగు మిరియాలు మరిగించి, చల్లార్చి పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి తినొచ్చు. వారంలోపు అవగొట్టాలి, ఇది నిలవ పచ్చడి కాదు.

ఇంకెవరైనా? లేరా? అందరి కళ్ళూ ఆ బల్ల మీదే ఉన్నాయని నాకు కనిపిస్తూనే ఉంది. పొద్దున ఆరింటికి లేచి పప్పు నానేశాను, నలుగురం కలిసి నాలుగు కిలోల కీరా కొచ్చాం. అమ్మాయీ, ఆ పెద్ద గిన్నె మూత తియ్. నిమ్మరసం ఇంకా పిండలేదు, ఉప్పు డబ్బా ఇదిగో, నా చేతిలోనే ఉంది. ముందు అందరూ దొన్నెలు అందుకోండి. వెనక వరస వాళ్ళకు కూడా చేరాయా? సరే, అయితే వేస్తున్నా.